ఎడమ బుగ్గ లోపల

జొన్న గటక గిన్నె మూడోసారి చల్లారిపోయింది.

"ఒక్క బుక్క," అన్నాడు జంగయ్య. మంచం పక్కన గొంతుక్కూర్చుని, చెంచా చాచిన చేతిని అలాగే ఉంచాడు. "మజ్జిగ పోసి పల్చగ చేసిన. నమిలే పని గూడ లేదు. మింగితే చాలు."

అనంతమ్మ తల అడ్డంగా ఊపింది. కొంగును రెండు మడతలు వేసి నోటికి అదుముకుంది. బుధవారం నుంచి ఆమె నోరు తెరవలేదు. తిండికీ తెరవలేదు, మాటకీ తెరవలేదు. నీళ్ళు తాగాల్సి వస్తే గోడవైపు తిరిగి, చెంబు అంచును పెదవుల మధ్య ఇరికించి, కొంచెం కొంచెంగా లోపలికి జార్చుకుంటోంది. ఇవాళ శనివారం.

"నలభై రెండేండ్ల సంసారంల ఈమె గింతసేపు నోరు మూసుకున్నది నేను చూడలే," అంటూ జంగయ్య కొడుకు వైపు తిరిగాడు. "ఇంకోసారైతే ఊరందరికీ దావత్ ఇద్దును."

నవ్వబోయాడు, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. చెంచా గిన్నెలో పడేసి మోకాళ్ళ మీద చేతులు ఆనించుకున్నాడు.

జగదీశ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. పదేళ్ళుగా అతని బతుకంతా చూడటమే. మనిషి కంటికి అందని జబ్బును వెలుగుతో పట్టుకునే పరికరం కనిపెట్టినవాడని పేపర్లో ఫోటో కూడా వేశారు. కానీ ఈ మూడు రోజులుగా తల్లి ముఖంలో అతను నుదుటినో, చెవి కమ్మనో మాత్రమే చూడగలుగుతున్నాడు. కళ్ళు గడ్డం దాకా దిగి, అక్కడ దేన్నో తాకినట్టు వెనక్కి వచ్చేస్తున్నాయి.

మాధవీలత చేతికి తొడుగులు వేసుకుని లోపలికి వచ్చింది. శంషాబాద్‌లో ఆమెకు పళ్ళ దవాఖాన ఉంది. ఇవాళ దాన్ని మూసేసి ఇంట్లోనే ఉండిపోయింది.

"అత్తమ్మా, ముట్టుకోను. ఒక్కసారి చూస్త, అంతే. బుధవారం నాడు మీరు మిరపకాయ తొక్కు తినంగ మంటకు నోరు తెరిచిన్రు చూడు, అప్పుడు నాకు ఒక తెల్లమచ్చ కనపడ్డది. గది ఏందో చూడాలె."

అనంతమ్మ కొంగు తియ్యలేదు. ఖాళీగా ఉన్న చేతిని ఎత్తి ముందు కొడుకును చూపించింది. తర్వాత పిడికిలి బిగించి, టార్చి పట్టుకున్నట్టు పెట్టి, తన నోటివైపు తిప్పింది. ఆఖరున అరచెయ్యి గాలిలో అటూ ఇటూ ఊపింది.

ఆ ఇంట్లో ఎవరూ దానికి అర్థం చెప్పాల్సిన పని లేదు. నా కొడుకు టార్చి వేసి చూశాడు, ఏమీ లేదన్నాడు. ఇక నువ్వెవరివి చూడటానికి?

మాధవీలత తొడుగులు విప్పేసి భర్త ముఖంలోకి చూసింది. "బయటికి రా," అంది.

తుక్కుగూడలో ఆ ఇంటి వరండాలో నిలబడితే, రింగురోడ్డు మీది లారీల కంటె విమానాల చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. ఒకటి ఇంటి మీదుగా ఎగిరిపోయేదాకా ఇద్దరూ ఆగారు. ఆ ఆగడం వాళ్ళకు అలవాటే. పెళ్ళయిన కొత్తలో మాటల మధ్య వచ్చే ఆ ఖాళీలకు నవ్వుకునేవారు.

"నీ మిషిన్ ఏమంటున్నది?" అంది ఆమె.

"పచ్చగనే చూపిస్తుంది."

"ఎప్పుడు తీసినవ్?"

"పోయిన నెల. డెమో కోసం."

"పాత ఫోటోలు ఏవి? అప్పుడు చలికాలంల రోజూ తీసినవ్ గద అత్తమ్మవి."

"షెడ్డుల ఉన్నయ్."

"నీ ల్యాప్‌టాప్‌ల ఉంటయ్, జగదీశ్."

ల్యాప్‌టాప్ అక్కడే వరండాలో, బల్ల మీద, మూతపడి ఉంది.

ఆ ఇంట్లో ఆ పరికరాన్ని నీలం టార్చి అంటారు. పట్టుకుంటే అరచేతిలో ఇమిడిపోతుంది. ఊదాకు దగ్గరగా ఉండే నీలి వెలుగును అది నోట్లోకి కొడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పొర ఆ వెలుగును తాగి, పలచటి ఆకుపచ్చ కాంతిని తిరిగి ఇస్తుంది. నోటి క్యాన్సర్ మొదలైన చోటు ఇవ్వదు. అక్కడ నల్లగా మిగిలిపోతుంది. పుండు పడకముందే, నొప్పి పుట్టకముందే, ఆ నలుపు తెర మీద కనిపిస్తుంది.

చిక్కల్లా ఆకూ వక్కా నమిలేవాళ్ళతో వచ్చింది. వాళ్ళ నోళ్ళలో మరక కూడా నల్లగానే కనపడేది. మొదట్లో పెట్టిన శిబిరాల్లో ఊళ్ళకు ఊళ్ళు అనుమానపు కేసులుగా తేలాయి. డాక్టర్లు విసుక్కున్నారు. అప్పుడు జగదీశ్ మరక దిద్దుబాటు కనిపెట్టాడు. మరక ఎలా ఉంటుందో యంత్రానికి నేర్పితే, అది మరకను గుర్తుపట్టి, ఆ చోటును పచ్చగా దిద్ది చూపిస్తుంది. నలుగురూ మెచ్చుకున్నది ఆ దిద్దుబాటునే.

నేర్పటానికి ఒక నోరు కావాల్సి వచ్చింది. రోజూ నమిలే నోరు, రోజూ దొరికే నోరు, కాదనని నోరు. ఆ యంత్రం అక్షరాలు దిద్దింది అనంతమ్మ నోట్లోనే.

నాలుగు నెలలు. పొద్దున ఆమె ఆకు నమిలాక ఒక బొమ్మ, పుక్కిలించాక ఒక బొమ్మ. మరక తొలగిపోయేది. ఎడమ బుగ్గ లోపల, వెనక దంతం దగ్గర ఒక చోట మాత్రం పోయేది కాదు.

"సరిగ పుక్కిలియ్యి అమ్మా. ఆడ ఇంక ఉన్నది," అనేవాడు అతను, తెర మీంచి తల ఎత్తకుండానే.

ఆమె లేచి వెళ్ళి మళ్ళీ పుక్కిలించి వచ్చేది.

"ఇంక ఉన్నది."

మళ్ళీ వెళ్ళేది.

"నేను అప్పుడు కొన్ని బొమ్మలు వేరే పెట్టిన," అంటోంది మాధవీలత. గొంతు పెంచలేదు. రోగులతో మాట్లాడే గొంతు అది. దాన్ని ఇంట్లో వాడితే జగదీశ్‌కు భయం. "పుక్కిలించినంక గూడ పోని మచ్చ ఉన్నవి. ముప్పై ఒకటి. సందేహం అని పేరు పెట్టి వేరే ఫోల్డరుల పెట్టిన. ఒక పెద్ద డాక్టరుకు చూపిస్తనన్నవ్. చూపించినవా?"

"పని ఎక్కువుండె అప్పుడు."

"సరే. చూపియ్యలే. ఆ ముప్పై ఒకటి పెట్టినకాడనే ఉన్నయా?"

పక్కింటి డాబా మీద ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. దెబ్బ దెబ్బకీ మధ్య ఎంతసేపు ఉందో జగదీశ్ లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు.

"జగదీశ్. నా మొకం చూడు."

అతను చూశాడు.

"మరకలల్ల కలిపినవా?"

మార్చి నెలలో ఒక పగలు. టార్చీలు తయారయ్యే మహేశ్వరం దగ్గరి షెడ్డు. రేకుల కింద ఉడికిపోతూ కూర్చుని ఉన్నాడు. యంత్రం తడబడుతోంది, పది నోళ్ళు చూపిస్తే నాలుగింటికి అనుమానం అంటోంది. సందేహపు ముప్పై ఒకటినీ పక్కన పెట్టుకుని ఉన్నంతకాలం అది కుదురుకోలేదు. ఆ పగలు అంతా అతనికి గుర్తుంది. పక్కన గ్లాసులో టీ మీద కట్టిన మీగడ, మౌస్ మీద తన వేలు, తెర మీద ఆ ముప్పై ఒక్క బొమ్మలు ఒక్క కుప్పగా నీలంగా మెరవడం, ఆ కుప్ప మరకల ఫోల్డరులోకి జరగడం. ఆ తర్వాత యంత్రం కుదిరింది. ఆ రోజు ఇంటికి మిఠాయి తెచ్చాడు. అనంతమ్మే ముందు తిన్నది.

చెయ్యి గుర్తుంది. ఆ చెయ్యి వెనక ఉండాల్సిన మనిషి గుర్తుకు రావడం లేదు. నిర్ణయం అనేది ఒకటి ఎక్కడో జరిగి ఉండాలి కదా. ఎంత వెతికినా అక్కడ ఖాళీయే ఉంది. తెలియక చేశానని అనుకోవడానికి ఆ ఖాళీ సాయం చేస్తోంది. కానీ తెలియనివాడు ఆ రోజు మాధవికి చెప్పి ఉండేవాడు. అతను చెప్పలేదు. చెప్పకూడదని ఎవరికో తెలిసింది. ఆ ఎవరో తనలోనే ఉన్నాడు.

"మరకనే అనుకున్న," అన్నాడు.

"ఎవరి నోరో అయితే అనుకుంటవా గట్ల?"

అతను అప్పుడు అన్నమాట అతనికే వింతగా వినిపించింది. "ఎవరి నోరో అయితే చూసేటోన్ని."

మాధవీలత బల్ల అంచును పట్టుకుని కూర్చుంది. "గా మాటతోటి నిన్ను తిట్టే పని గూడ లేకుండ చేసినవ్," అంది.

అప్పుడే గేటు బయట కారు హారన్ మోగింది.

వీరేందర్ వస్తే ఇల్లంతా వినిపిస్తుంది. రాజేంద్రనగర్‌లో చదువుకున్నప్పటి దోస్తు. జగదీశ్ కంపెనీలో బయటి పనులన్నీ అతనివే. చేతిలో కొత్త శాలువా ఉన్న సంచి.

"ఏం బై, ఫోన్ ఎత్తవ్? రెండు గంటలకు వ్యాన్ వస్తది షెడ్డుకు. టార్చీలు అరవై డబ్బాలల్ల సీల్ కొట్టి పెట్టిన. ఆదివారం కల్ల అరవై ఊళ్ళకు చేరాలె. వదినా, నమస్తె. అమ్మ ఏది? సోమవారం స్టేజీ మీద కప్పే శాలువా తెచ్చిన, రంగు నచ్చిందో లేదో అడగాలె."

ఎవరూ మాట్లాడక ముందే లోపలికి వెళ్ళిపోయాడు. సోమవారం నీలం టార్చి ప్రారంభోత్సవంలో, వేదిక మీద, అందరి ముందూ తెరిచే మొదటి నోరు అనంతమ్మదే. పెద్ద తెర మీద ఆ నోరు పచ్చగా వెలగాలి. ఆలోచన వీరేందర్‌దే. కనిపెట్టిన కొడుకు, కన్న తల్లి అని ఆహ్వాన పత్రికలో కూడా అచ్చువేయించాడు.

"అమ్మా, ఏంది గిట్ల పండుకున్నవ్? సోమవారం నువ్వే మా హీరోయిన్‌వి!"

అనంతమ్మ లేచి కూర్చుంది. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె ముఖం విచ్చుకుంది. మూసిన పెదవులతోనే నవ్వి, శాలువా తీసుకుని, ఒళ్ళో పరచుకుని నిమిరింది. వస్తానని తల ఊపింది. ఒకసారి కాదు, మూడుసార్లు ఊపింది.

ఆ ఊపడం చూసి జంగయ్య గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

గుమ్మం దగ్గర మాధవీలత భర్త పక్కనే నిలబడింది. నోటి చివరిదాకా వచ్చిన మాటను ఆమె మింగడం అతనికి తెలుస్తోంది. ఆ మాట ఆమె చెప్పదు. తనకు వదిలేసింది. బరువైన వస్తువును ఒకరు వదిలేసినప్పుడు రెండోవాడి చేతుల్లో అది ఎలా పెరుగుతుందో అలా పెరిగింది.

"వీరేందర్," అన్నాడు. "వ్యాన్ రావద్దని చెప్పు."

"ఏంది?"

"డబ్బాలు పోవద్దు. మిషిన్‌ల తప్పున్నది."

వీరేందర్ ముందు నవ్వాడు. తర్వాత మాధవీలతను చూశాడు. ఆ తర్వాత జగదీశ్ మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాడు.

జగదీశ్ చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, వెనకది ముందూ ముందుది వెనకా చెప్పాడు. జబ్బుమచ్చనే మరక అని యంత్రానికి నేర్పాననీ, అలాంటి మచ్చ ఎవరి నోట్లో కనపడినా అది పచ్చగా దిద్దేస్తుందనీ చెప్పాడు. చెప్పడం ముగిసేసరికి వీరేందర్ పట్టు మోచేతి మీది నుంచి జారిపోయింది.

"అమ్మకు అదే అని తేలిందా?"

"తేలలే. ముక్క తీసి పరీక్ష చెయ్యాలె. నోరు తెరుస్తలేదు."

"మరి తేలకముందే ఎందుకు పరేషాన్ అవుతున్నవ్? అది ఉత్త పుండే కావచ్చు."

"కావచ్చు."

"కావచ్చు గద! సోమవారం కానియ్. తర్వాత నిమ్మళంగ సరిదిద్దుదాం. ఫోన్‌కు అప్‌డేట్ పంపినట్టు పంపుదాం." వీరేందర్ గొంతు హఠాత్తుగా తగ్గిపోయింది. "మా అన్న సంగతి నీకెర్క. నోట్ల పుండు పడి, అది చెవి దాకా పోయినంక తెలిసింది మాకు. గిసొంటి టార్చి అప్పుడుంటే మా అన్న ఉండేటోడు. గందుకే నౌకరీ ఇడిసి నీ ఎంట వచ్చిన. వందమందిల తొంభై మందిని పట్టినా మనం గెలిచినట్టే కాదా? ఆ తొంభై మందిని గూడ ఇడిసిపెడ్తవా?"

అది ఉత్త వాదన కాదు. ఆ అన్న పాడెను జగదీశ్ కూడా మోశాడు.

"మిగిలిన పదిమంది," అన్నాడు జగదీశ్. "వాళ్ళకు మనం తెల్వదు అని చెప్తలేం, వీరేందర్. ఏం లేదు అని చెప్తున్నం. మనం అసలు పోకుంటే, భయానికన్న వాళ్ళు దవాఖానకు పోయేటోళ్ళు. మనం పోయి ఆ భయం తీసేస్తున్నం."

"నిన్న నువ్వే సంతకం పెట్టినవ్. అన్నీ సరిగున్నయ్ అని."

"పెట్టిన."

"మరి నిన్న తెల్వదా నీకు?"

విమానం వచ్చింది. ఇద్దరూ ఆగారు. వరండా కమ్మీలు సన్నగా అదిరాయి. చప్పుడు తగ్గాక కూడా జగదీశ్ ఆ కమ్మీలనే చూస్తున్నాడు. ఆ చూపులోనే వీరేందర్‌కు కావలసినది దొరికింది.

"తెల్సు," అన్నాడు వీరేందర్ మెల్లగా. "బుధవారం నుంచి తెల్సు. తెలిసే సంతకం పెట్టినవ్. ఇప్పుడు వదిన నిలబడి చూస్తుంటే నీకు ధర్మం యాదికొచ్చింది."

కారు తలుపు తీసి, ఎక్కబోతూ ఆగాడు. "వ్యాన్ ఆగది. ఆపాల్నంటే ఫోన్‌ల చెప్తే కాదు. నువ్వే వచ్చి గేటు ముంగట నిలబడు. అరవై డబ్బాల ముంగట నిలబడి, మా అమ్మకే జబ్బున్నది, నేనే చూడలే అని కూలోళ్ళకు చెప్పు. చెప్పగలిగితే ఆపుత."

కారు పోయింది. అప్పటికి ఒంటిగంట దాటింది. షెడ్డుకు పావుగంట ప్రయాణం.

జగదీశ్ బండి వైపు వెళ్ళలేదు. బల్ల మీది ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, సంచిలోంచి నీలం టార్చి తీసుకుని, తల్లి గదిలోకి వెళ్ళాడు. గేటు ముందు నిలబడటం కన్నా ఈ మంచం ముందు కూర్చోవడమే తేలిక అనుకున్నాడు. కూర్చున్నాక అలా అనిపించలేదు.

వంటింట్లోంచి ఏదో కాలుతున్న వాసన వస్తోంది. జంగయ్య ఆమె వక్కల సంచిని పొయ్యిలో వేశాడని తర్వాత తెలిసింది. ఇరవై ఏళ్ళుగా రోజూ ఆకులకు ఈనెలు తీసి, సున్నం రాసి, ఆమె చేతికి ఇచ్చేది ఆయనే. ఆకు మడతలో చిటికెడు తంబాకు దాచి పెట్టేదీ ఆయనే.

"అమ్మా," అన్నాడు జగదీశ్. "నేను సరిగ చూడలే."

ఆమె కళ్ళు శాలువా మీదే ఉన్నాయి.

"మరకన్నది నేను. అది మరక గాదు. తప్పు నాదే. ఒక్కసారి తెరువు. నేనే చూస్త. మాధవి గాదు, ఎవరూ కాదు."

ఆమె శాలువాను మడిచి పక్కన పెట్టింది. అతని కుడిచెయ్యి అందుకుంది. చిన్నప్పుడు పలక మీద దిద్దించినట్టు చూపుడు వేలును పట్టుకుని, నోరు తెరిచి, ఆ వేలును తన ఎడమ బుగ్గ లోపలికి తీసుకెళ్ళింది.

వెచ్చగా, తడిగా, మెత్తగా ఉంది. వెనక దంతం దాకా వెళ్ళాక మెత్తదనం పోయింది. అక్కడ ఎండిన నేల అంచులాంటి ఒక గట్టు. గరుకు. వేలు ఆగిన చోట ఆమె ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది. అయినా చేతిని వదల్లేదు.

ఆ బుగ్గను అతను వందలసార్లు చూశాడు. ఒక్కసారి కూడా తాకలేదు.

టార్చి వేశాడు. ల్యాప్‌టాప్ తెర మీద తల్లి నోరు పచ్చగా, లేత చిగురులా, ఎక్కడా లోటు లేకుండా వెలిగింది. కింద 'సాధారణం' అని అక్షరాలు పడ్డాయి. అతను దిద్దుబాటును తీసేశాడు. పచ్చదనం మధ్యలో, అచ్చం ఇప్పుడు తన వేలు ఆగిన చోట, రూపాయి బిళ్ళంత నలుపు విచ్చుకుంది.

అనంతమ్మ కూడా తెరను చూసింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెల్సా?" అన్నాడు.

మూడు రోజులు వాడని గొంతు గీరుకుంటూ వచ్చింది. "పుక్కిలియ్యి అన్నప్పుడల్లా ఉప్పేసి రుద్దిన. ఒకనాడు ఇటుకపొడి గూడ పెట్టి రుద్దిన. నెత్తురొచ్చింది గని అది పోలే. మరకైతే పోవాలె గద."

"మరి ఎందుకు చెప్పలే అమ్మా?"

"నువ్వు మరక అంటివి." ఆమె అతన్ని నిందించడం లేదు. ఉన్నమాట చెబుతోంది. "చదువుకున్నోనివి. మరకనే అయితదేమో అనుకున్న. తర్వాత గా మరకతోనే నీ మిషిన్ నిలబడ్డదని నువ్వే చెప్తివి, మిఠాయి తెచ్చిననాడు. ఇగ నేనేం చెప్పాలె?"

జగదీశ్ టార్చి ఆర్పి మంచం మీద పెట్టాడు.

"సోమవారం కానియ్ బిడ్డ. నా ఒక్కదాని నోరేనాయె. మూడు దినాలకు ఏం మునిగిపోతది? మంగళవారం యాడికి రమ్మంటే ఆడికొస్త. కోసుకుంటరో కాల్చుకుంటరో మీ ఇష్టం. నలుగుర్ల నీ తల దించుకునే పని మాత్రం నా నోటితోటి కావద్దు."

ఆ మాట ఎంత హాయిగా చెవిలోకి దిగిందో అతనికి తెలుసు. మూడు రోజులు. తల్లే ఇస్తోంది. తీసుకుంటే అడిగేవాళ్ళు లేరు. మార్చి నెలలో కనపడకుండా పోయిన మనిషి ఇప్పుడు కనిపించాడు. తనలోపల, చాలా దగ్గరగా, తలుపు వారగా నిలబడి, మెల్లగా తల ఊపుతున్నాడు.

ఆ తల ఊపడానికి భయపడి అతను ల్యాప్‌టాప్‌లో విమానాశ్రయం శిబిరం బొమ్మలు తెరిచాడు. జూలైలో అక్కడి పనివాళ్ళకు పెట్టిన శిబిరం అది. నాలుగు వందల పన్నెండు మంది. అందరి నోళ్ళ మీదా దిద్దుబాటు తీసేసి, ఆ ముప్పై ఒకటిలాంటి మచ్చ కోసం మళ్ళీ చూడమని యంత్రానికి చెప్పాడు. అనంతమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. తల్లీ కొడుకూ ఒక సినిమా చూస్తున్నట్టు మంచం మీద కూర్చున్నారు. పచ్చటి నోళ్ళు ఒకదాని వెంట ఒకటి పోతూ ఉన్నాయి. మధ్యలో కొన్ని పచ్చదనం వదిలి నల్లగా మారాయి.

పందొమ్మిది. శిబిరంలో ఈ పందొమ్మిది మందికీ ఏమీ లేదని కాగితం చేతికిచ్చి పంపాడు.

మొదటి పేరు తారాబాయి. బయట పార్కింగులో ఊడ్చే పని. పక్కనే ఫోన్ నంబరు.

నొక్కాడు. ఎందుకు నొక్కాడో అడిగితే చెప్పలేడు. గేటు ముందు నిలబడకుండా ఉండటానికి కూడా కావచ్చు. ఫోన్‌ను మంచం మీద పెట్టి స్పీకర్ వేశాడు.

"ఎవలు?" ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరో అరుస్తున్న చప్పుడు.

"తారాబాయేనా? నేను... జూలైల క్యాంపుల నోట్ల నీలం లైటు వేసి చూసిన గద. జగదీశ్‌ను."

"అయ్యో, సారు! మీరా!" ఆమె గొంతు వెలిగిపోయింది. పక్కన ఎవరికో చెబుతోంది, లైటు సారు, లైటు సారు అని. "ఏం లేదన్నరు గద సారు, మా తండాల అందరికీ చెప్పిన. మా ఇంటాయన ఒకటే గొడవ, నోరు మండుతున్నదంటున్నవ్, దవాఖానకు పోదాం పా అని. నేనే తిట్టిన. మిషిన్‌ల చూసిన సారే ఏం లేదన్నడు, నీకు ఎక్కువ తెలుసా అని తిట్టిన. మంచిగున్నరా సారు? ఏం సంగతి?"

జగదీశ్ నోరు తెరిచాడు. నాలుక అంగిలికి అతుక్కుంది.

"సారు? ఇనస్తలేదు సారు."

అనంతమ్మ ఫోన్‌నే చూస్తోంది. ఆ పరికరంలోంచి వచ్చిన మాటను ఆమె మెల్లగా, ముల్లున్న చేపను తిన్నట్టు, జాగ్రత్తగా అర్థం చేసుకుంటోంది. నా ఒక్కదాని నోరే అన్నది కదా ఇందాక. చెయ్యి చాచి కొడుకు ముందు నుంచి ఫోన్ తీసుకుంది. ఎక్కడ మాట్లాడాలో తెలియక అద్దంలా ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

"బిడ్డా. నేను ఆ సారు తల్లిని. అనంతమ్మ అంటరు."

"ఆఁ, చెప్పమ్మా."

"నువ్వు ఆకు నములుతవా బిడ్డా?"

"నములుత అమ్మా. తంబాకు గూడ. ఏమైందమ్మా?"

అనంతమ్మ ఖాళీ చెయ్యి ఎత్తింది. గోడకు మేకు ఉంది. మేకుకు బండి తాళంచెవి వేలాడుతోంది. ఆమె వేలు కొడుకును చూపించింది, ఆ తాళంచెవిని చూపించింది, ఆ తర్వాత వాకిలివైపు తిరిగింది. మూడు రోజులుగా ఆ ఇంట్లో ఆమె చేతులు ఏం చెప్పినా అందరికీ అర్థమవుతోంది. ఇదీ అర్థమైంది. గుమ్మంలో నిలబడి ఉన్న మాధవీలత పక్కకు తప్పుకుంది. గోడ గడియారంలో రెండుకు పావుగంట తక్కువ.

జగదీశ్ లేచాడు. మేకు దగ్గరిదాకా నడిచాడు. తాళంచెవి అందుకున్నాడు. అక్కడే ఆగిపోయాడు.

"భయపడకు," అంటోంది అనంతమ్మ. "జర నీ నాలికను ఎడమ బుగ్గకు ఆనిచ్చి చూడు. ఎనక పన్నుకాడ. ఆడ గరుకుగ తాకుతున్నదా?"

అవతల విమానం లేచిన హోరు. ఫోన్ నిండా అదే. ట్రాలీలూ అరుపులూ అందులో మునిగిపోయాయి. హోరు తగ్గింది. కొద్దిసేపటికి అదే విమానం ఇక్కడ ఇంటి మీదికి వచ్చింది. గిన్నె మీది చెంచా గలగలమని కదిలింది. ఎప్పటిలాగే ఇంట్లో అందరూ ఆగారు.

అది వెళ్ళిపోయింది. ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది. తారాబాయి పెట్టెయ్యలేదు.

ఏమీ అనడం లేదు.